మేనల్లుడి తొలి వెంట్రుకలు

కత్తికి అంచు ఒకటే ఉంటుంది. మునెయ్యకు మాత్రం ఆ ఏడాది రెండు కనిపించసాగాయి. అసలు అంచు ఒకటి, దాని కింద పొగ లాంటిది ఇంకొకటి. కొండమీద కల్యాణకట్టలో మొక్కు గుండ్లు గీసే మంగలికి ఇంతకంటే పాడు శకునం ఏముంటుంది! దీపం వంక చూస్తే దాని చుట్టూ దొంగ దీపాలు తోకలతో వేలాడేవి. పాతికేళ్లు నిండని వాడు, ఎవరితో చెప్పుకుంటాడు? ఎడమచేతి వేళ్లతో భక్తుల నెత్తి తడుముతూ, కత్తిని వాటి వెనకాలే నడిపించి నెట్టుకొచ్చాడు.

కళ్లజోళ్లు మార్చి చూశాడు. బూడిదలో పోసిన పన్నీరే అయింది. చివరికి తిరుపతిలో ఒక డాక్టరు కంట్లోకి లైటు వేసి చూసి పెదవి విరిచాడు.

"కంటి ముందు అద్దం లాంటి పొర ఉంటుందప్పా. అది గుండ్రంగా ఉండాలి. నీది పలచబడి, మొన తేలి ముందుకు పొడుచుకొస్తా ఉంది. అందుకే ఒకటి నాలుగుగా కనపడేది. మామూలు కళ్లజోడుకు లొంగదు. మద్రాసులో కంటిలోనే పెట్టుకునే గట్టి అద్దాలు చేస్తారు. ఇంకా ముదిరితే చనిపోయినోళ్ల కంటి పొర తీసి వెయ్యాలి. ముందు ఆ నలపడం మానుకో."

అప్పటిదాకా కళ్లు నలుపుతూనే ఉన్న మునెయ్య చప్పున చేతులు దించాడు. వాడికది చిన్ననాటి అలవాటు.

"ఏం పని చేస్తావు?"

"పూల కొట్టు సార్." నోటికొచ్చిన అబద్ధం చెప్పాడు. నిజం చెబితే కత్తి వదిలెయ్యమంటాడని భయం.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

"లేదు సార్." ఇది మాత్రం నిజమేననుకున్నాడు.

నెల తిరక్కుండానే పలమనేరు నుంచి అక్క అలివేలు మూడేళ్ల కొడుకును చంకనేసుకుని నేరుగా వాడి పీట దగ్గరికే వచ్చింది.

"నా బిడ్డ తొలి వెంట్రుకలు నువ్వే తియ్యాల. మేనమామ చేతిలో కత్తి ఉండంగా పరాయోళ్ల కాడికి పోతానా?"

మునెయ్య పిల్లవాణ్ని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. పిల్లవాడి తల తడిపి కత్తి విప్పాడు. వాడు చేపపిల్లలా గింజుకుంటున్నాడు. లేత చెవి ఒకటి రెండుగా, రెండు మూడుగా చెదిరిపోతోంది. ఏది నిజం చెవి? కత్తి చెవి దాకా వెళ్లి ఆగింది. మునెయ్య కత్తి మడిచేశాడు.

"నా వల్ల కాదక్కా."

"ఏందిరా ఆ మాట, శుభమా అని వస్తే!"

"నాకు కండ్లు సరింగా కనపడవక్కా. ఇన్నాళ్లూ తడుముకుంటా గీసినాను. వీడి చెవి యాడుండాదో తెలీలా."

అలివేలు కొంగు కళ్లకద్దుకుంది. పక్క పీట మంగలి లేచి వచ్చి కత్తి అందుకున్నాడు. మునెయ్య మేనమామగా పిల్లవాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. కూడు పోతే పోయింది, బిడ్డ చెవి దక్కిందనుకుంటే ప్రాణం తేలికపడింది.

గుండు సగమయ్యేసరికి పిల్లవాడు పిడికిళ్లు బిగించి, కణుపులతో కళ్లు నలుపుకోవడం మొదలుపెట్టాడు. మునెయ్య ఆ చేతులు పట్టుకున్నాడు.

"వద్దు నాయనా. వెంట్రుక పడిందా?"

అలివేలు కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. "వెంట్రుకా లేదు, ఏం లేదు. వాడెప్పుడూ అంతే, పొద్దస్తమానం నలపతానే ఉంటాడు. అచ్చం నీ పోలికే."

మునెయ్య ఆ చేతులు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. పిల్లవాడు గుక్కపెట్టి ఏడుస్తున్నాడు.

"వదల్రా, బిడ్డకు నొప్పి!" అంది అలివేలు.

మునెయ్య ఆ చేతులు వదల్లేదు.