టక్కుమంటే చాలదు

రెండేళ్లపాటు సెలవు రోజులన్నీ షెడ్డులోనే గడిపి కోడలు స్వయంగా కట్టుకున్న పడవ అది. ఆ పూట తొలిసారి నీళ్లలోకి దిగాలి. పడవనెక్కించిన ట్రైలర్ మూతిని కారు వెనకున్న ఇనుప గుండు మీదికి దించి లాక్ నొక్కింది. టక్కుమంది. ఇంకేం, లోకాన్ని గెలిచినట్టు చేతులు దులుపుకుంది.

అత్తగారు మాత్రం కారెక్కలేదు. లారీ తోలి ఇల్లు నడిపిన మనిషి, దేన్నీ ఊరికే నమ్మదు.

"జాకీ తిప్పు," అంది.

"లాక్ పడింది కదత్తయ్యా! టక్కుమంది, మీరూ విన్నారు."

"విన్నాలే. తిప్పు."

ఈ చాదస్తానికి అంతు లేదా అని లోలోపల సణుక్కుంటూ కోడలు ట్రైలర్ ముందున్న జాకీ తిప్పింది. నాలుగు చుట్లు తిరిగాయో లేదో, మూతి గుండును వదిలేసి టోపీ తీసినంత తేలిగ్గా పైకి లేచింది. లాక్ మాత్రం వేసింది వేసినట్టే ఉంది. కోడలు జాకీ వదిలేసి వంగి చూసింది. వంతెన దిగేచోట ఊడిపోయుంటే? పడవ సంగతి సరే, వెనక వచ్చేవాళ్ల సంగతి?

అత్తగారు దెప్పలేదు. "గుండు చిన్నది, పాత ట్రైలర్‌ది," అని మూతి మీద చెక్కిన కొలత చూపించింది. షెడ్డులోంచి ఆ కొలత గుండు తెచ్చి, పొడుగాటి పానా మీద ఒళ్లంతా మోపి బిగించింది. మూతిని దాని మీదికి దించి లాక్ వేసి, ట్రైలర్‌కున్న గొలుసులు రెండూ మూతి కింద కత్తెరలా వేసి కారుకు తగిలించింది.

"ఖర్మకాలి ఊడినా రోడ్డు మీద పడదు. వీటి ఒళ్లో పడుతుంది."

ఈసారి జాకీ తిప్పితే ట్రైలర్‌తో పాటు కారు వెనక భాగం కూడా లేచింది. కోడలికి ఆ గ్రీజు చేతులకు దణ్ణం పెట్టాలనిపించింది. ఈవిడనా ఇన్నాళ్లూ విసుక్కున్నది!

కారును కిందికి దించి జాకీ ఎత్తేశాక అత్తగారు తాళాలు ఆమె చేతిలో పెట్టింది. "నీ పడవ, నువ్వే తోలు."

"భయమేస్తోంది."

"మంచిదే. భయం లేనివాళ్లతోనే చిక్కు. ముందు పోయే బండికి బాగా ఎడం ఉంచు."

వంతెన దిగేచోట గతుకు. వెనక ధడేలుమంది. కోడలు గుండె చిక్కబట్టుకుని అద్దంలోకి చూసింది. తెల్లటి ముక్కు ఎత్తుకుని పడవ బుద్ధిగా వెనకే వస్తోంది.

"వస్తోందత్తయ్యా!"

"రాక ఎక్కడికి పోతుంది? నువ్వు ముందు రోడ్డు చూడు," అంది అత్తగారు, అప్పటిదాకా రెండు చేతులతో బిగించి పట్టుకున్న డోరు పిడిని మెల్లగా వదులుతూ.