బ్రేకు టీచరమ్మ విమానం దిగిన రోజు

ఆమెకు కన్నవాళ్లు పెట్టిన పేరొకటి ఉన్నా ఊరంతా బ్రేకు టీచరమ్మ అనే పిలిచేవారు. డ్రైవింగ్ స్కూలు కారులో శిష్యుల పక్క సీటులో కూర్చుని, తన కాళ్ల దగ్గరుండే రెండో బ్రేకుతో ఎన్ని ప్రమాదాలు తప్పించిందో లెక్కలేదు. ఊళ్లో స్టీరింగు పట్టినవాళ్లలో సగంమంది ఆమె చేత చివాట్లు తిన్నవాళ్లే.

అలాంటి మనిషికి దొరికిన అల్లుడేమో నోట్లో నాలుక లేనివాడు. నాలుగు సీట్ల చిన్న విమానంలో ఊరి నుంచి ఊరికి మందులు చేరవేస్తాడు. విమానం సంగతి ఆమెకు తెలియదు గానీ, అతను కారు నడుపుతుంటే మాత్రం ఒళ్లు మండేది. ఖాళీ రోడ్డు మీద కూడా ఆగి, అటూ ఇటూ చూసి, మళ్లీ చూసి గానీ కదిలేవాడు కాదు. "నత్తకి లైసెన్సిచ్చినట్టుంది," అని కూతురి దగ్గర గొణిగేది. అతన్ని మాత్రం మీరు, గారు అంటూ ఆమడ దూరంలో ఉంచేది.

ఒకసారి చెల్లెలి ఇంటికి చుట్టపుచూపుగా వెళ్లి, వరదకు పట్టాలు మునిగి రైళ్లు ఆగిపోవడంతో అక్కడే చిక్కుబడిపోయింది. అదే ఊరికి మందుల పెట్టెల కోసం అల్లుడు వచ్చి ఉన్నాడు. "ఆయనతో వచ్చెయ్యమ్మా, గంటలో ఇంట్లో ఉంటావు," అని కూతురు ఫోనులో పట్టుబట్టింది.

వెనక సీట్ల నిండా పెట్టెలే. అల్లుడి పక్కన కూర్చోక తప్పలేదు. చూస్తే ఆమె కాళ్ల దగ్గర కూడా పెడళ్లున్నాయి.

"అత్తయ్యా, వాటి మీద మాత్రం కాళ్లు పెట్టకండి. ఒక్కో పెడలు ఒక్కో చక్రానికి బ్రేకు," అన్నాడు అల్లుడు.

"ఆమాత్రం నాకు తెలీదా బాబూ," అంటూ ఆమె కాళ్లు వెనక్కి ముడుచుకుంది.

బయలుదేరినప్పుడు ఎండ కాస్తూనే ఉంది. సొంత ఊరు దగ్గరపడేసరికి ఆకాశానికి చిల్లు పడినట్టు వాన. విమానం జల్లెడలో గింజలా ఎగిరెగిరి పడింది. టీచరమ్మ సంచీని గుండెలకు హత్తుకుని అల్లుడి వైపు చూసింది. ఇంట్లో కాఫీ కప్పు అందుకోబోయి ఒలకబోసే ఆ చేతులు ఇక్కడ పిసరంతైనా వణకడం లేదు. పక్కింటివాళ్లను పలకరించినంత తీరిగ్గా రేడియోలో టవరుతో మాట్లాడుతున్నాడు.

రన్‌వే దీపాలు మసకగా కనబడ్డాయి. విమానం దిగినట్టే దిగి, అంతలోనే మళ్లీ పైకి లేచింది.

"దాటిపోయింది కదా బాబూ?"

"గాలి పక్క నుంచి తోసేస్తోంది అత్తయ్యా. కుదరనప్పుడు దిగకూడదు. ఇంకోసారి తిరిగొద్దాం. అప్పటికీ కుదరకపోతే వేరే ఊరు పోదాం. పెట్రోలుకేం కొదవలేదు."

ముందుకు పోవడం ఎవరికైనా వస్తుంది, ఆగడం తెలిసినవాడే డ్రైవరు అని ఇన్నేళ్లుగా శిష్యుల చెవుల్లో ఇల్లు కట్టుకుని చెబుతున్నది ఆమే. అది తెలిసినవాడు తన ఇంట్లోనే ఉన్నాడని ఇప్పుడు తట్టింది.

రెండోసారి చక్రాలు నేలను తాకాయి. టీచరమ్మ ఊపిరి వదలబోయేంతలో, రన్‌వే మీద నిలిచిన నీళ్లలో విమానం జారింది. అల్లుడు దాన్ని దారికి తెస్తూనే ఉన్నాడు. కానీ ముప్పై ఏళ్ల అలవాటు ఎవరి మాట వింటుంది? ఆమె కుడికాలు దానంతటదే లేచి పెడల్‌ను బలంగా తొక్కేసింది. కుడిచక్రం ఒక్కటే పట్టేసింది. విమానం గిర్రున తిరిగి, గడ్డిలోకి దూకి, ముందు చక్రం విరిగి, ముక్కు బురదలో గుచ్చుకుని ఆగింది.

అల్లుడు చకచకా స్విచ్చులన్నీ ఆపేశాడు.

"దెబ్బ తగిలిందా అత్తయ్యా?"

"నాకేం కాలేదు. నీకు?" అప్పటిదాకా నోరారా అనని 'నువ్వు' అలా వచ్చేసింది.

"నాకూ ఏం కాలేదు. ముందు దూరంగా పోదాం పదండి."

బయట మోకాళ్లదాకా బురద. రెండడుగులు వేసేసరికి ఆమె చెప్పొకటి అందులో కలిసిపోయింది. అల్లుడు ఆమెకు వీపు పెట్టి వంగాడు. "ఎక్కండి."

"సిగ్గులేకుండా నీ వీపెక్కమంటావా?"

"సిగ్గు తర్వాత పడదాం అత్తయ్యా. అందులో పెట్రోలుంది."

ఎక్కింది. ఇంతలో ఫైరింజను గంట కొట్టుకుంటూ వచ్చి, వాళ్లకు కాస్త దూరంలో తనూ కూరుకుపోయింది. డ్రైవరు తల బయటపెట్టి, అల్లుడి వీపు మీదున్న ఆకారాన్ని గుర్తుపట్టి, చటుక్కున లోపలికి లాక్కున్నాడు.

"దాక్కోకురా. బురదలోకి బండి దింపొద్దని నీకెన్నిసార్లు చెప్పాను?"

"మీకోసమే దింపాను టీచరమ్మా," అన్నాడతను బిక్కమొహంతో.

అల్లుడి వీపు అదరడం మొదలైంది. ఏడుస్తున్నాడేమోనని ఆమె కంగారుపడింది. తీరా చూస్తే నవ్వుతున్నాడు. ఇక ఆమెకూ నవ్వాగలేదు.

మర్నాడు విచారణకు వచ్చిన అధికారి ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టి, ఎలా జరిగిందని అడిగాడు.

"నీళ్లలో చక్రాలు జారాయండి," అన్నాడు అల్లుడు.

"అది సగమే," అంది టీచరమ్మ. "మిగతా సగం నేను. బ్రేకు తొక్కాను."

"పెడళ్లున్న సీటులో ఆవిణ్ణి కూర్చోబెట్టిన తప్పు నాదండి."

"కాళ్లు పెట్టొద్దని ఇతను ముందే చెప్పాడు. అయినా పెట్టాను."

"అలవాటున్న మనిషని తెలిసి కూడా కూర్చోబెట్టాను కదండీ."

అధికారి కలం పక్కన పెట్టాడు. "తప్పు నీదంటే నీదని కొట్టుకున్నవాళ్లని చాలామందిని చూశాను. నాదంటే నాదనే అత్తా అల్లుళ్లని ఇదే చూడ్డం." తరవాత నవ్వు దాచుకుని, ఆ సీటులో ఇక ఎవరినీ కూర్చోబెట్టవద్దని అల్లుణ్ణి గట్టిగానే హెచ్చరించాడు.

విమానం బాగుపడేదాకా అల్లుడికి పనిలేకుండా పోయింది. "ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చునే బదులు స్కూలుకి రారాదూ?" అని టీచరమ్మ పిలిచింది. వానలో బండి జారితే ఏం చెయ్యాలో పాఠం చెప్పమంది. అతను నసుగుతూ మొదలుపెట్టాడు. అర్థం కాలేదంటే మళ్లీ చెప్పేవాడు, ఎన్నిసార్లడిగినా గొంతు పెంచకుండా. ఆమె తలుపు పక్కన నిలబడి వినేది.

ఒక సాయంత్రం శిష్యురాలొకామె బెరుకుబెరుగ్గా వచ్చి, "టీచరమ్మా, ఈరోజు పాఠం కూడా సారే చెప్తారా?" అని అడిగింది.

టీచరమ్మ ఆమెను ఎగాదిగా చూసి, లోపలికి కేకేసింది. "బాబూ, నీకోసమే వచ్చారు."

తను బయట మెట్ల మీద కూర్చుని, పనివేళలో తీరిగ్గా టీ తాగడం ఎలా ఉంటుందో చూసింది. బాగానే ఉంది.