మంచం చీటీ

వచ్చినవాళ్ళ ఊరి పేర్లు రాసుకునే ఉద్యోగాన్ని పరదేశి అనేవాడికి ఇవ్వడంలో ధర్మాసుపత్రి కమిటీ వారి ఉద్దేశం హాస్యం కాదు. అయినా పంతొమ్మిదేళ్ళుగా నూజివీడు బజారంతా ఆ ఒక్క హాస్యమే ఆడుతోంది. పరదేశి కూడా తక్కువవాడేం కాదు. నర్సు పేరు ఆరోగ్యం. ఆవిడ సెలవు పెట్టిన రోజున, "ఇవాళ ఈ ఆసుపత్రిలో ఆరోగ్యం లేదు, రేపు రండి" అని బోర్డు కడతానని బెదిరించేవాడు. ఆవిడ మర్నాడు సిరంజి మరగబెడుతూ, "మీకు టీకా బాకీ ఉన్నట్టుంది పరదేశి గారూ" అనేది.

ఆసుపత్రిలో పన్నెండు ఇనప మంచాలు. ప్రతి మంచానికీ తలవైపు రేకు మీద, దాన్ని దానమిచ్చిన వర్తకుడి పేరూ, కింద "నూజివీడు" అనీ ఎర్రరంగుతో రాసి ఉంటుంది. పడక కావాలంటే ముందు ఆ షావుకారు గుమ్మంలో పడిగాపులు పడాలి. ఆయన తన కొట్టు పేరు అచ్చేసిన కాగితం మీద "మన తోట మనిషి, మంచం ఇవ్వగలరు" అని రాసిస్తే మంచం. చీటీ లేకపోతే వరండాలో చాప. ఈ పద్ధతి ఎవరు పెట్టారో కమిటీలో ఎవరికీ గుర్తులేదు, కాబట్టి తీసెయ్యడం తన పనని ఎవరూ అనుకోలేదు. పరదేశి చీటీ చూసి పేరు ఎక్కించి, ఊరి గడిలో చీటీ మీద అచ్చయి ఉన్న ఊరే దించి, చీటీని స్టోరు గదిలో వేలాడే ఇనపతీగకి గుచ్చేవాడు. చీటీ ఇచ్చినాయన ఊరే తెచ్చినవాడి ఊరు. పంతొమ్మిదేళ్ళుగా అందులో తప్పేమిటో అతనికి తట్టలేదు.

అరవైనాలుగు మే నెలలో బందరు జిల్లా ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. గుండెజబ్బులు, రక్తపోటు, పక్షవాతం, ఇలాంటి రక్తప్రసరణ వ్యాధులతో గత అయిదేళ్ళలో ఏ ఊరివాళ్ళు ఎంతమంది చేరారో పట్టిక పంపమని. ఆ కాగితం తానే నాలుగు ఆఫీసుల్లో ప్రసరించి, గడువు అయిపోయే ముందు పరదేశి బల్ల మీద ఆగింది. రోగుల్ని తీసుకొచ్చే వ్యాను ఒకటి ఈ తాలూకాకి మంజూరయిందట. దాన్ని నూజివీడులో ఈ ఆసుపత్రి గేటు దగ్గర నిలబెట్టాలా, ఆరు మైళ్ళ అవతల ముసునూరు డిస్పెన్సరీ దగ్గర నిలబెట్టాలా అన్నది ఆ పట్టిక చూసి తేలుస్తారు. పరదేశి వారం రోజులు కూర్చుని లెక్క తేల్చాడు. నూజివీడు: నలభైఏడు. ముసునూరు తోటలు: గుండు సున్నా.

"రసాలు తినేవాళ్ళకి గుండె గట్టిదనుకుంటా. మనకే నీరసాలు," అని తనే నవ్వుకుని, డాక్టరు నారాయణరావు చేత సంతకం పెట్టించి, పట్టిక పోస్టులో పంపేశాడు. ఇవాళ పదకొండింటికి బందరు నుంచి ఆఫీసరు వస్తున్నాడు. ఆసుపత్రి చూసి, వ్యాను ఎక్కడుండాలో సంతకం చేసి వెళ్ళిపోతాడు.

తొమ్మిది గంటలకి గేటు ముందు ఎడ్లబండి ఆగింది.

బండిలో వరిగడ్డి మీద నలభై అయిదేళ్ళ మనిషి పడుకుని ఉన్నాడు. పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. భార్య కాబోలు, తల ఒళ్ళో పెట్టుకుని కొంగుతో విసురుతోంది. డాక్టరు స్టెతస్కోపు ఆనించి ఏమీ మాట్లాడలేదు. ఆయన మాట్లాడలేదంటే ఆరోగ్యం పరుగెత్తుతుంది. మార్ఫియా ఇంజక్షను, ఆక్సిజన్ సిలిండరు, అయిదో నంబరు మంచం.

పరదేశి రిజిస్టరు తెరిచాడు. ఆమె నడుం దగ్గర దోపుకున్న చీటీ తీసి రెండు చేతులతో ఇచ్చింది. కమిటీ ప్రెసిడెంటు, మామిడి వర్తకుడు విశ్వనాథం గారి కొట్టు కాగితం.

"పేరు?"

"గంగరాజండి. నేను కనకమ్మనండి."

"ఊరు?"

"నూజివీడండి."

కలం సిరాలో ముంచి, రాయబోతూ, పరదేశి ఆమె చేతులు చూశాడు. ముంజేతుల దాకా నల్లటి మచ్చలు, బొబ్బలు ఎండిన గుర్తులు. తొడిమ విరిచిన కాయ నుంచి చిమ్మే సొన కాల్చిన మచ్చలు. నూజివీడు బజారులో ఎవరి చేతులూ అలా ఉండవు.

"నూజివీడులో ఎక్కడమ్మా?"

ఆమె మంచం వైపు చూసింది. "నూజివీడేనండి," అంది, ఇంకా మెల్లగా.

డాక్టరు బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు. "నొప్పి ఎప్పుడొచ్చిందో ఆమె సరిగా చెప్పడం లేదు. ఒక గంటలోపల తెచ్చి ఉంటే నాకు ధైర్యంగా ఉండేది. ఇతన్ని చాలాసేపు ఎండలో తిప్పినట్టున్నారు."

నూజివీడు మనిషిని నూజివీడు ఆసుపత్రికి తేవడానికి అంతసేపెందుకు పట్టింది? పరదేశి కలం పక్కన పెట్టి లేచాడు. ఎందుకు లేచాడో స్టోరు గది గొళ్ళెం తీసేదాకా అతనికే తెలియదు.

తీగ మీద అయిదేళ్ళ చీటీలు, అడుగున చెదలు తిన్నవి, పైన దుమ్ము తిన్నవి. రిజిస్టరు పక్కన పెట్టుకుని, గుండెజబ్బు పేర్లకి ఒక్కొక్క చీటీ వెతికాడు. ఫలానా సూరయ్య, మన తోట మనిషి. ఫలానా జోజమ్మ, మన తోట మనిషి. తేదీలన్నీ చైత్రం నుంచి ఆషాఢం లోపలే. కాపు దిగే మూడు నెలలూ తోటల్లో పాకలు వేసుకుని, కాయ కోసి, బుట్టలు మోసి, రాత్రి కాపలా కాసే జనం. వాళ్ళందర్నీ అతను తన చేత్తో నూజివీడు పౌరుల్ని చేశాడు. మున్సిపాలిటీకి కూడా అంత అధికారం లేదు.

పదిన్నరకి ఇరవైతొమ్మిది దొరికాయి. నలభైఏడులో ఇరవైతొమ్మిది. చొక్కా వీపుకి అంటుకుపోయింది. గడియారం వైపు చూడకూడదనుకుంటూనే చూశాడు.

"ఆరోగ్యమ్మా, నా పట్టిక తప్పు."

ఆవిడ సిలిండరు ముల్లు చూస్తోంది. "ఎంత తప్పు?"

"వ్యానంత."

"అయితే చెప్పండి."

"డాక్టరుగారు సంతకం పెట్టారు. నా ఇంక్రిమెంటు వచ్చే నెల. పంతొమ్మిదేళ్ళ రాత నేనే తప్పని చెప్పుకుంటే..."

"అయితే చెప్పకండి," అంది ఆవిడ, ముల్లు మీంచి చూపు తిప్పకుండా. "ఈ సిలిండరు సాయంత్రం దాకా వస్తుంది. మంచం మీదాయన దానికన్నా ఎక్కువ రోజులు ఉండాలి."

జీపు పదకొండుకి అయిదు నిమిషాల ముందే వచ్చింది. ఆఫీసరు పొడుగ్గా, సన్నగా, చేతి గడియారాన్నే నమ్మే మనిషిలా ఉన్నాడు. వెంట షావుకారు విశ్వనాథం గారు, ఆయన వెంట ఒక బుట్టలో చిన్నరసాలు. ఆఫీసరు పళ్ళ బుట్టని చూసి, "ఇది జీపెక్కదండి," అన్నాడు. తర్వాత ఫైలు తెరిచి కలం టోపీ విప్పాడు.

"పట్టిక స్పష్టంగా ఉంది. నలభైఏడు, సున్నా. వ్యాను ఇక్కడే."

"తమరు మన్నించాలి," అన్నాడు పరదేశి. "ఆ సున్నా నాది. ముసునూరుది కాదు."

తీగని చీటీలతో సహా తెచ్చి బల్ల మీద పెట్టి, ఇరవైతొమ్మిది మంది సంగతీ చెప్పాడు. డాక్టరు మొహం ఎర్రబడింది. ఆఫీసరు రెండు చీటీలు చదివి తల ఎత్తాడు.

"మన తోట మనిషి అని ఉంది. ఏ తోటో లేదు. షావుకారు గారూ, మీ తోటలెక్కడ?"

"ముసునూరు అవతల ఒకటుంది. ఊరి చివర ఒకటుంది, ఇక్కడికి అరమైలు," అన్నారు విశ్వనాథం గారు. అది నిజమే. ఆయన కండువా సర్దుకున్నారు. "అబద్ధమాడను బాబూ, మా అమ్మకి రెండుసార్లు వచ్చింది గుండెపోటు. డెబ్భైరెండేళ్ళు. మూడోసారి వస్తే వ్యాను గేటులో ఉండాలని నా కోరిక. పరదేశీ, నీకు ఇప్పుడు ఈ తవ్వకాలెందుకు?"

"అయిదో నంబరు మంచం మనిషి ఇవాళే వచ్చాడండి. వాళ్ళావిడని అడగండి."

నలుగురూ వార్డులోకి నడిచారు. కనకమ్మ లేచి నిలబడింది. షావుకారుని చూడగానే కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది.

"ఏ ఊరమ్మా మీది?" అన్నాడు ఆఫీసరు.

ఆమె షావుకారు వైపు చూడలేదు. మంచం తలవైపు రేకు మీద ఎర్ర అక్షరాల వైపు చూసింది. ఆమెకి చదువు రాదు, కానీ అక్కడ ఏం రాసుందో తెలుసు.

"నూజివీడండి."

ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. డాక్టరు, "పరదేశీ, ఇక చాలు," అన్నాడు పళ్ళ సందుల్లోంచి. ఆఫీసరు ఫైలు మీద కలం ఆనించాడు. గంగరాజు ఊపిరి రబ్బరు గొట్టంలో గురగురమంటోంది.

పరదేశికి అప్పుడు అర్థమైంది. ఆమె ఊరు దాచడం లేదు, మంచం కాపాడుకుంటోంది. ఊరు చెబితే మంచం పోతుంది. తోటలో కూలీలకి మేస్త్రీ చెప్పిన పాఠం అది, తను పంతొమ్మిదేళ్ళుగా రుజువు చేస్తూ వచ్చిన పాఠం. చీటీలో ఉన్న ఊరు చెప్పు, మంచం దొరుకుతుంది. వేరే ఊరు చెప్పావా, వరండా.

జేబులోంచి ఆమె తెచ్చిన చీటీ తీశాడు. ఇవాళ్టికి అతని చేతిలో ఉన్న రుజువు అదొక్కటే. దాన్ని ఆమె ఎదురుగా రెండు ముక్కలు చేశాడు. తర్వాత నాలుగు.

కనకమ్మ గొంతులోంచి చిన్న శబ్దం వచ్చింది, కాయ రాలినట్టు. షావుకారు, "ఏమిటా పని?" అన్నారు.

పరదేశి ఆ ముక్కల్ని ఆమె చేతిలోనే పెట్టాడు. "చూడమ్మా, చీటీ లేదు. మంచం ఉంది. మీ ఆయన లేచి నడిచేదాకా ఆ మంచం మీంచి ఎవరూ దింపరు. ఆరోగ్యమ్మా, దింపుతారా?"

"నన్ను దాటుకుని రావాలి," అంది ఆరోగ్యం.

"ఊరు చెప్పొద్దు. బండి ఎక్కడ కట్టారో చెప్పు చాలు."

కనకమ్మ ముక్కల వైపు చూసింది. తర్వాత మంచం వైపు.

"కోడి కూసే యేళకండి," అంది. "చెట్టు దిగి, రొమ్ము పట్టుకుని కూకుండిపోయాడు. ముసునూరు అవతల, షావుకారుగారి తోటలో. బండి కట్టమంటే, బుట్టలు ఎక్కించినాక కడతానన్నాడు మేస్త్రీ. ఎక్కించేసరికి తెల్లారింది. బుట్టల మధ్యన పండబెట్టుకున్నాం. సున్నం బట్టీ కాడ దాహం అన్నాడు. కల్వర్టు కాడ మాటాడాడు. ఆ తరవాత మాటాడలా."

ఆఫీసరు కలం కాగితం మీద కదలడం మొదలుపెట్టింది.

"ఊళ్ళోకి ఎన్నింటికి వచ్చారు?"

"ఎండ ఎక్కేసిందండి. మండీలో బుట్టలు దింపారు. చీటీ కావాలిగదండీ. షావుకారుగారు పూజలో ఉన్నారన్నారు. మెట్ల మీద కూకున్నాం. గంట మోగినాక ఇచ్చారు." ఆమె ఆగింది. "ఆయన తప్పు కాదండి. పూజ గదా."

విశ్వనాథం గారు కండువా అంచు వేలికి చుట్టుకుంటున్నారు. చుట్టడం, విప్పడం. చివరికి తలెత్తకుండా, "గుమాస్తా మెట్ల మీద ఎవరో ఉన్నారన్నాడు," అన్నారు. "ఎవరని అడగలేదు."

ఆఫీసరు తన పట్టికలో పక్కన ఇంకో గీత గీసి కొత్త గడి చేశాడు. పైన "చేరడానికి పట్టిన సమయం" అని రాసి, కింద "అయిదు గంటలు" అని రాశాడు. అప్పుడు ఫైలు మూశాడు.

"కాపు అయ్యేదాకా వ్యాను ముసునూరులో. మీ తప్పు పట్టికకి సంజాయిషీ రాసి పంపండి, పరదేశి గారూ."

సంజాయిషీ రాశాడు. ఇంక్రిమెంటు ఆరు నెలలు ఆగింది. గంగరాజు నాలుగో రోజున గంజి అడిగాడు, ఇరవయ్యో రోజున నడిచాడు. మళ్ళీ చెట్టెక్కకూడదని డాక్టరు చెబితే, తోటలో కూర్చుని బుట్టలు అల్లుతున్నాడు. వ్యాను ముసునూరులోనే ఉన్న ఆ జూలైలో షావుకారు తల్లికి మూడోసారి గుండెపోటు వచ్చింది. రిక్షాలో ఏడు నిమిషాల్లో తెచ్చారు. బతికింది. అదే వారంలో విశ్వనాథం గారు కమిటీ మీటింగు పెట్టి, చీటీ పద్ధతి తీసేస్తున్నట్టు రాయించి, కారణం అడిగినవాళ్ళకి జవాబు చెప్పకుండా లేచి వెళ్ళిపోయారు.

మళ్ళీ మే వచ్చింది. బందరు నుంచి మళ్ళీ కాగితం. అసలు పట్టిక ఒక ఫైల్లోనూ, దాని సవరణ ఇంకో ఫైల్లోనూ పడి, రెంటికీ పరిచయం కాలేదు. "మీ ప్రాంతపు ముసునూరు తోటలలో రక్తప్రసరణ వ్యాధులు అయిదేళ్ళకు సున్నా నుండి ఒక్క ఏడాదిలో ఇరవైరెండుకు పెరుగుటకు కారణమేమి? నీరా, ఆహారమా, వాతావరణమా? వెంటనే తెలుపగలరు."

పరదేశి రెండుసార్లు చదివి ఆరోగ్యానికి ఇచ్చాడు. ఆవిడ చదివి, "నీరు అని రాయండి, తొందరగా తేలిపోద్ది," అంది.

అతను నవ్వబోయాడు. బయట వ్యాను హారను వినిపించింది. ఆరోగ్యం అప్పటికే గుమ్మం దాటింది. స్ట్రెచరు మీద మనిషి, వెనక అతని భార్య. ఇద్దరి మీదా ఇంకా మామిడాకులు అంటుకునే ఉన్నాయి.

పరదేశి రిజిస్టరు తెరిచాడు. ఆమె అలవాటుగా నడుం దగ్గర చీటీ కోసం తడుముకుంది. అక్కడేమీ లేదని గ్రహించి, భయంగా అతని చెయ్యి వైపు చూసింది.

ఆ చెయ్యి చీటీ కోసం ముందుకు చాచి లేదు. కలం పట్టుకుని, ఊరి గడి మీద ఆగి ఉంది.

"తొందరేం లేదమ్మా. ఏ తోట నుంచి?"