తెర వెనక ఊపిరి

వయోలా వాయించేవాళ్ళకి ఒక తీరని బాధ ఉంటుంది. కచేరీ అయ్యాక ఎవరో ఒక పెద్దమనిషి దగ్గరికొచ్చి, చెయ్యి కలిపి, "మీ వయొలిన్ కాస్త పెద్దగా ఉందేమండీ?" అని అడుగుతాడు. మన కథలోని ఆయన ఈ ప్రశ్నకి జవాబు చెప్పీ చెప్పీ అలిసిపోయాడు. ఈ మధ్య "అవునండీ, చిన్నప్పుడు దీనికి బాగా తిండి పెట్టాం" అని ఊరుకుంటున్నాడు.

ఆయన పనిచేసేది ఓ ప్రాంతీయ సంగీత సంఘంలో. సంఘమంటే ఏదో పెద్ద దండు అనుకునేరు. నలుగురంటే నలుగురే. రెండు వయొలిన్లు, ఒక వయోలా, మనిషంత ఎత్తుండే చెల్లో ఒకటి. ఒకరోజు బళ్ళో పిల్లల ముందు, ఒకరోజు ఆస్పత్రి వరండాలో, అదృష్టం బాగుంటే ఒకరోజు నిజమైన హాల్లో వాయిస్తారు. వ్యానులో కిటికీ పక్క సీటు చెల్లోది, మిగిలినవి మనుషులవి. కచేరీలు లేని మధ్యాహ్నాలు పిల్లలకి పాఠాలు చెప్పుకుంటారు. ఒకప్పుడు నలుగురికీ పెద్ద నగరాల ఆర్కెస్ట్రాల మీద కన్నుండేది. ఆ ఆశ ఎప్పుడు సద్దుమణిగిందో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు, గుర్తులేదని దిగులూ లేదు.

మొదటి వయొలిన్ ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. నోరు తెరిస్తే ఎదుటివాడికి కారం రాసినట్టే ఉంటుంది. చెల్లో వాయించే ఆవిడ అక్క. పెద్దాయన కంటే చాలా చిన్నదే, అయినా ఆయనకీ అక్కే. ఇక రెండో వయొలిన్ వాయించేది మన వయోలా ఆయన భార్య. ఇద్దరికీ పరిచయమైంది రిహార్సల్ గదిలోనే. ఆ కొత్తల్లో అలవాటైన 'మీరు'ని ఆవిడ ఆ గదిలో ఇప్పటికీ వదల్లేదు. "వయోలా వారూ, మీరు కాస్త ముందుకు పరిగెడుతున్నారు" అంటుంది. గది దాటి వీధిలోకి రాగానే "నువ్వు గొడుగు మళ్ళీ మర్చిపోయావు" అంటుంది.

ఇలాంటి చిన్న బృందానికి ముందు నిలబడి చెయ్యి ఊపే కండక్టరు ఉండడు. మరి నలుగురూ ఒకే క్షణంలో ఎలా మొదలుపెడతారంటే, ఊపిరితో. మొదలుపెట్టాల్సిన మనిషి ముక్కుతో గట్టిగా ఒక ఊపిరి తీసుకుంటారు. మిగతా ముగ్గురూ ఆ ఊపిరిలోనే వేగం ఎంతో, బలం ఎంతో తెలుసుకుని తీగల మీద కమాను ఆనిస్తారు. భార్య ఊపిరి మన ఆయనకి కంఠతా వచ్చు. చిన్నగా మొదలై, చివర్లో రవ్వంత ఆగుతుంది, గడప దాటబోతూ ఏదో గుర్తొచ్చిన మనిషిలా. ఆ ఆగడంలోకి ఆయన కమాను తనంతట తానే వెళ్ళి కూర్చుంటుంది.

అలాంటిది ఆవిడ ఎడమ మణికట్టు పాడైంది. ఆపరేషన్ అయింది, కట్టు విప్పారు, డాక్టరు బాగుందన్నాడు. రెండేళ్ళుగా ఆవిడ వెనక గదిలో తలుపేసుకుని సాధన చేస్తోంది. మంగళవారాలు చేతి వ్యాయామం చేయించుకోడానికని వెళ్ళొస్తోంది. తలుపు తీసుకుని బయటికొచ్చినప్పుడల్లా ఆయన వంక చూసేది. ఆయన ఆ చూపుకి తట్టుకోలేక "బాగుంది, రోజురోజుకీ బాగవుతోంది" అనేవాడు. నిజానికి తలుపు అవతల నుంచి ఆయనకి ఏమీ సరిగ్గా వినబడేది కాదు. వినాలన్న ధైర్యమూ లేదు పాపం.

ఖాళీ కుర్చీలో తాత్కాలికంగా ఎవరెవరో వచ్చి కూర్చుని వెళ్ళారు. చివరికి సంఘం కార్యదర్శి వచ్చి, ఇక ఇలా కుదరదనీ, ఆడిషన్ పెట్టి ఆ కుర్చీ ఎవరికో ఒకరికి ఖాయం చెయ్యాల్సిందేననీ తేల్చేశాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర మన ఆయన ముద్ద నోట్లో పెట్టుకోకుండా కూర్చున్నాడు.

"నువ్వు వస్తావా ఆడిషన్‌కి?"

"అది నువ్వు అడక్కూడదు, నేను చెప్పకూడదు. వినేవాళ్ళలో నువ్వొకడివి."

"చెయ్యి బాగానే ఉందిగా. మొన్న విన్నాను, చాలా బాగుంది."

ఆవిడ ఆయన వంక జాలిగా చూసింది. "నీకు నావన్నీ బాగుంటాయి. అదే వచ్చిన చిక్కు" అని కంచం తీసుకుని లేచింది.

ఆయనకి ఆ కుర్చీలో మరో మనిషిని ఊహించుకోవడమే చేతకావడం లేదు. పక్కనే ఆవిడ లేకపోతే ఆ గదిలో తనకేం పని అనిపించేది. అలాగని దొంగదారిన ఆవిడకి ఆ కుర్చీ ఇప్పిస్తే, తెలిసిన రోజున ఆవిడ మళ్ళీ వయొలిన్ ముట్టుకోదు. ఆ సంగతీ ఆయనకి బాగా తెలుసు.

ఆడిషన్ రోజు పొద్దున అక్క ఆయన్ని పక్కకి పిలిచింది. "ఇదిగో తమ్ముడూ, మీ ఆవిడ వచ్చిందంటే ఊపిరిని బట్టే పట్టేస్తావు. పక్షపాతం చూపిస్తాననుకుంటే ఇప్పుడే తప్పుకో. ఎవరూ ఏమీ అనుకోరు."

"తప్పుకోను అక్కా. నాకు గుర్తుపట్టడం రాదులే."

"నువ్వు అబద్ధం ఆడితే చెవులు ఎర్రబడతాయి, చూసుకో" అంది అక్క.

హాలుకి అడ్డంగా నల్లటి తెర కట్టారు. వచ్చినవాళ్ళు చెప్పులు బయటే విడిచి రావాలి, అడుగుల చప్పుడుని బట్టి కూడా ఆడో మగో తెలియకూడదు. నోరు విప్పకూడదు. పేరు లేదు, నంబరే. తెర అవతల వాళ్ళు, ఇవతల ఈ ముగ్గురు. నలుగురూ కలిసి ఒక నెమ్మది భాగం వాయించాలి. అందులో ఊపిరి తీసి మొదలుపెట్టాల్సింది రెండో వయొలినే. మొహం కనబడదు కాబట్టి ఆ ఊపిరే దిక్కు.

ఆ సంఘంలో ఇంకో ఆనవాయితీ ఉంది. వాయించడం అయ్యాక ప్రతి ఒక్కరికీ తెర ఇవతల నుంచి ఒక్క నిజమైన మాట చెప్పి పంపాలి. పెద్దాయన వయసులో ఉన్నప్పుడు ఎక్కడో ఆడిషన్‌కి వెళ్తే "వెళ్ళొచ్చు" అని మాత్రం అన్నారట. ఎందుకు పనికిరాలేదో తెలియక ఏడాదిపాటు నిద్రపట్టలేదట. అందుకని ఈ పద్ధతి ఆయనే పెట్టాడు. ఆ మాట చెప్పే పని మాత్రం మన వయోలా ఆయనది. పెద్దాయన చెబితే వచ్చినవాళ్ళు వాద్యం అమ్ముకుని పోతారని అక్క భయం.

మొదటి నంబరుకి తొందర ఎక్కువ. రైలు వెళ్ళిపోతున్నట్టు వాయించాడో, వాయించిందో. "చెయ్యి చక్కగా ఉంది, కాస్త పక్కవాళ్ళని కూడా వినండి" అని చెప్పి పంపాడు మన ఆయన.

రెండో నంబరు నుంచి అసలు ఊపిరే వినబడలేదు. ముగ్గురూ గాల్లో కమాన్లు పెట్టుకుని చూస్తుండగా అవతల స్వరం మొదలైపోయింది. వీళ్ళు పరుగున వెళ్ళి కలుసుకున్నారు. "తెరలోంచి మొదలుపెట్టడం అందరికీ రాదు, దాన్ని లెక్కలోకి తీసుకోకండి" అని గొణిగాడు పెద్దాయన. నిజానికి తర్వాత వాయించినదాంట్లో గొప్ప తెలివుంది. ఎక్కడ తగ్గాలో, ఎక్కడ పక్కవాళ్ళకి దారివ్వాలో అన్నీ తెలుసు. కానీ నాదం పలచబడుతూ వచ్చింది. ఏదో ఒలికిపోతుందేమోనని అడుగులో అడుగు వేసుకుంటూ నడిచినట్టు, ఆఖరికి వచ్చేసరికి పూర్తిగా అలిసిపోయింది.

పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. అక్క నిట్టూర్చింది. మన ఆయన గొంతు సవరించుకున్నాడు. ఆ తెలియని మనిషి మీద ఆయనకి ఎందుకో మనసు కరిగిపోయింది.

"మీకు సంగీతం తెలుసండీ. నాకంటే బాగా తెలుసు. కానీ చెయ్యి మీ మనసుతో పాటు నడవడం లేదు. ఏడాది పొడుగునా ఊళ్ళు తిరిగి వాయించే ఈ పనిని అది తట్టుకోదు. ఇంకోలా చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టలేను. అయితే ఒక్కటి. మీ దగ్గర నేర్చుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళు అదృష్టవంతులు."

తెర అవతల ఉత్త పాదాల చప్పుడు మెల్లగా దూరమైంది.

మూడో నంబరు వచ్చింది. కుర్చీ సర్దుకున్న చప్పుడు. అంతలో ఆ ఊపిరి.

చిన్నగా మొదలై, చివర్లో రవ్వంత ఆగింది. మన ఆయన కమాను ఎవరి అనుమతీ అడక్కుండా వెళ్ళి ఆ ఆగడంలో కూర్చుంది. నలుగురూ ఒక్క మనిషిలా మొదలయ్యారు. రెండేళ్ళ తర్వాత ఆ గదిలో మళ్ళీ నాలుగు వాద్యాలూ ఒకే ఇంట్లో మనుషుల్లా మాట్లాడుకున్నాయి. చెయ్యి బాగుపడింది, దేవుడా, మునుపటికంటే బాగుపడింది, వయసే వెనక్కి వెళ్ళినట్టుంది అనుకున్నాడాయన. కళ్ళు మసకబారి కాగితం మీద స్వరాలు కనబడలేదు. చూడకుండానే వాయించేశాడు.

అయ్యాక, తను ముందుగా నోరు విప్పకూడదని పెదవి కొరుక్కుని కూర్చున్నాడు. ఆ ఒక్క నిమిషం ఆయనకి తల ప్రాణం తోకకొచ్చింది.

"ఇంకేం చూస్తారు? ఇదే" అన్నాడు పెద్దాయన.

"ఇదే" అంది అక్క, ఆయన చెవుల వంక ఓరగా చూస్తూ.

హమ్మయ్య, తన చేతికి మసి అంటలేదు. నాలుగో నంబరుని కూడా మర్యాదగా విని, మంచి మాట చెప్పి పంపి, మూడో నంబరుని మళ్ళీ పిలిపించారు. కార్యదర్శి తెర తాడు లాగాడు. మన ఆయన అప్పటికే మొహమంతా నవ్వుతో లేచి నిలబడ్డాడు.

ఎదురుగా ఇరవై రెండేళ్ళైనా నిండని ఒక అమ్మాయి, వయొలిన్ గుండెకి హత్తుకుని, చెప్పుల్లేని కాళ్ళతో బిక్కుబిక్కుమంటూ నిలబడి ఉంది.

ఆయన నవ్వు మొహం మీదే ఉండిపోయింది, తియ్యడం మర్చిపోయాడు. "ఆ ఊపిరి... నీకెవరు నేర్పారమ్మా?"

"మా మేడమ్ అండీ. మంగళవారం మంగళవారం మా కాలేజీ గదికొచ్చి చెప్పేవారు." ఆ అమ్మాయి కాస్త తడబడింది. "ఇక్కడికీ వచ్చారుగా సార్. నాకంటే ముందు వాయించింది ఆవిడే."

తను తెరలోంచి అన్న మాటలన్నీ ఒక్కొక్కటే తిరిగొచ్చి ఆయన చెంప మీద కొట్టాయి. అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెద్దాయన ఎన్నడూ లేనిది మెత్తగా "వెళ్ళవయ్యా, వెళ్ళు" అన్నాడు.

ఆవిడ వరండా చివర బల్ల మీద కూర్చుని చెప్పులు తొడుక్కుంటోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మొహం మాత్రం తేటగా ఉంది. ఆయన వెళ్ళి ఆవిడ ముందు నేల మీద కూలబడ్డాడు.

"నేను నిన్ను గుర్తుపట్టలేదు" అన్నాడు. అంతకంటే పెద్ద నేరం ఆయనకి తోచలేదు. "ఇన్నేళ్ళూ పక్కన కూర్చుని... నిన్ను గుర్తుపట్టలేదు."

"పట్టకూడదనే ఊపిరి బిగబట్టుకున్నాను. లేకపోతే నువ్వు నిజం చెప్పేవాడివా?"

"వాయించడాన్ని బట్టైనా తెలియాలిగా!"

"ఆ చేతిని నేనే గుర్తుపట్టలేకపోతున్నాను. నువ్వెలా పడతావు?"

ఆయన ఆ ఎడమ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని ఏడ్చాడు. ఆవిడ ఆయన తల నిమురుతూ కూర్చుంది.

"రెండేళ్ళుగా ఇంట్లో బాగుంది, బాగుంది అంటున్నావు. పిచ్చెక్కిపోయిందనుకో. చెయ్యి బాగుంటే నేను కూర్చుందామనీ, లేకపోతే ఆ పిల్ల కూర్చోవాలనీ అనుకుని ఇద్దరం వచ్చాం. ఎవరు కూర్చున్నా నీ పక్కన ఆ ఊపిరి ఉంటుందిగా."

"నీకు బాధగా లేదా?"

"ఎందుకు లేదూ? చచ్చేంత ఉంది. కొన్నాళ్ళు ఏడుస్తాను, నువ్వు పట్టించుకోకు" అంటూ కొంగుతో ఆయన మొహం తుడిచింది. ఆ తర్వాత నడుం నిటారు చేసుకుని, రిహార్సల్ గదిలో మాట్లాడే గొంతుతో అంది: "వయోలా వారూ, ఇందాక మీరు చివర్లో ఒక మాటన్నారు. నేర్చుకునేవాళ్ళ సంగతి. అది మీ ఆవిడతో అన్న మాట కాదు, ఎవరో పరాయి మనిషితో అన్నది. అందుకే నమ్మాను. ఇంకోసారి అంటారా?"

ఆయన నోరు తెరిచాడు. మాట బయటికి రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు, మళ్ళీ రాలేదు.

అప్పుడావిడ ఆయన కళ్ళలోకి చూస్తూ ముక్కుతో ఒక ఊపిరి తీసుకుంది. చిన్నగా మొదలై, చివర్లో రవ్వంత ఆగింది. ఇన్నేళ్ళూ మొదలుపెట్టినట్టే, ఆయన మొదలుపెట్టాడు.