కెటిల్ మడుగులో మునక

ఒలీటా అత్త బూట్లు జలపాతంలో కొట్టుకుపోతుంటే నేను కళ్లారా చూశాను. హోటల్ కాపలావాడు వాటిని చేత్తో కూడా ముట్టుకోలేదు, కాలితో తన్నాడు. తర్వాత మేం బండమీద విప్పిపెట్టుకున్న బట్టలన్నీ ఒక్కొక్కటే తీసి నీళ్లలోకి విసిరాడు. అవి మడుగు దాటి కింది జలపాతంలో పడిపోయాయి. హోటల్ లాండ్రీలో పనిచేసే ఆడవాళ్లం, మెడలోతు నీళ్లలో నిలబడి చూస్తూ ఉండిపోయాం. పగలంతా ఆ హోటల్ దుప్పట్లే ఉతికి, ఆవిరికి ఒళ్లుడికిపోయి, పని దిగాక కెటిల్ మడుగులో దిగాం. అదీ మా నేరం.

"ఇది అతిథుల కోసం. బోర్డు చదవడం రాదా?" అన్నాడు వాడు.

"చదివాంలేరా. ఆ బోర్డు పుట్టకముందు నుంచీ ఈదుతున్నాం ఇక్కడ," అంది ఒలీటా అత్త.

తడి లోబట్టలతో, వట్టి కాళ్లతో, కాలిపోతున్న తారురోడ్డు మీద ఊళ్లోకి నడిచాం. హోటల్‌కు వెళ్లే కార్లు మమ్మల్ని చూసి నెమ్మదించాయి. ఒకడు ఫోటో కూడా తీసుకున్నాడు. తల నెరిసిన ఒలీటా అత్త తల మాత్రం వంచలేదు. నాకు ఏడుపొచ్చింది. సిగ్గుతో కాదు, కోపంతో.

చదువుకునే తమ్ముళ్లూ, కూలిచేసే చెల్లెళ్లూ, మా కరోలినా కొండల్లో మడుగంటే ఏమిటో మీకు తెలియాలి. పిల్లలు ఈత నేర్చేది అక్కడే, పడుచువాళ్లు దొంగచూపులు చూసుకునేది అక్కడే, బాప్తిస్మం పుచ్చుకునేదీ అక్కడే. హోటల్ వాళ్లు కొండ కొన్నారు. ఊరుకున్నాం. తర్వాత పారే నీళ్లు కూడా తమవే అన్నారు. జలపాతాల చుట్టూ కంచె వేసి, 'రహస్య జలపాతం' అని రంగు కాగితాల మీద అచ్చేసి, గదుల ధర పెంచారు. మా తాతలు మునిగిన నీళ్లు మాకే రహస్యమట!

బుధవారం చర్చిలో మీటింగు పెట్టాం. పాస్టర్ హైరమ్ గారు తలుపు తీసి ఓ మూల కూర్చున్నారు. హోండురాస్ నుంచి పనికొచ్చిన జెనైడా ముందుగా లేచింది.

"పని ఆపేద్దాం. తువ్వాలు లేకపోతే వాళ్ల జలపాతంలో మునిగినోడు దేంతో తుడుచుకుంటాడో చూద్దాం."

"నీ వీసా వాళ్ల గుప్పిట్లో ఉందమ్మాయ్, చూసుకో," అన్నాడు వంటగది నుంచి వచ్చిన ఒకాయన. "మా వంటవాళ్లం మాత్రం రాం. పిల్లలు గలవాళ్లం."

"మేమేం గొడ్రాళ్లమా?" అని అరిచిందెవరో. గోల మొదలైంది.

అప్పుడు లేచింది ఒలీటా అత్త. "పాస్టరుగారూ, నాకు బాప్తిస్మం ఇవ్వండి. ఆదివారం, కెటిల్ మడుగులో."

గోల ఆగిపోయింది. బతుకంతా పాస్టర్లను ఆటపట్టించిన మనిషి ఈమె.

హైరమ్ గారు ముఖం చిట్లించారు. "దేవుణ్ణి అడ్డం పెట్టుకుని కొట్లాటకు దిగకక్కా. పట్నం చర్చిలో తొట్టి ఉంది. వెచ్చని నీళ్లు. అక్కడికి పోదాం."

"తొట్టిలో ముంచడానికి నేనేమన్నా దుప్పటినా?"

లాండ్రీ వాళ్లందరం పగలబడి నవ్వాం. ఆమె మాత్రం నవ్వలేదు.

"మా అమ్మ మునిగిన నీళ్లలోనే మునగాలి నేను. రేపు, ఎల్లుండి అంటూ ముసలిదాన్నయిపోయాను. మొన్న బూట్లు కొట్టుకుపోతుంటే తెలిసొచ్చింది, ఇంకా ఆగితే ఆ మడుగే మిగలదని. నాది నాటకం కాదయ్యా. మిగతావాళ్లు ఎందుకొస్తారో వాళ్లిష్టం."

పాస్టరు మూల నుంచి లేచి ముందుకొచ్చారు. చివరికి, "సరే. మన పద్ధతి తెలుసుగా," అన్నారు. "ఇంకా మునిగేవాళ్లెవరైనా ఉన్నారా అని అడుగుతాను. ఉన్నామంటే, వాళ్లందరూ అయ్యేదాకా నీళ్లలోంచి బయటికి రాను. కానీ అబద్ధపు మునక మాత్రం ముంచను. వచ్చినవాళ్లు ఎందుకొచ్చారో నిజం చెప్పాలి."

"ఆదివారమే పాత అతిథులు పోయి కొత్తవాళ్లు దిగే రోజు, గదులన్నిటికీ ఉతికిన దుప్పట్లు కావాలి," అంది జెనైడా. "లాండ్రీ మొత్తం వస్తుంది పాస్టరుగారూ, మీకు కాళ్లు తిమ్మిరెక్కుతాయి చూసుకోండి!"

ఆదివారం వచ్చేసరికి కంచె కోసి ఉంది. కోసిందెవరో నాకు తెలుసు, చెప్పను. హైరమ్ గారు నడుంలోతు నీళ్లలో దిగి అడగడం మొదలుపెట్టారు.

"ఎందుకొచ్చావు?"

"నా కూతురికి ఈత నేర్పాలి."

"నువ్వు?"

"ఆ వేడిలోంచి వచ్చి కాసేపు మనిషిలా ఉండాలి."

దేవుడి కోసం వచ్చినవాళ్లను ముంచారు. మిగతావాళ్ల తలమీద చెయ్యిపెట్టి పక్కన నిలబెట్టారు. అందరినీ ముందు రానిచ్చి, చివర నిలబడింది ఒలీటా అత్త. మడుగు జనంతో నిండిపోయింది. పైన హోటల్లో ఉతికిన దుప్పట్లు లేక గదులు సిద్ధం కాలేదని, అతిథులు పెట్టెల మీద కూర్చున్నారని కబురొచ్చింది.

కాసేపటికి మేనేజరు, వెంట మా ఊరి పోలీసు డిప్యూటీ రస్సెల్ వచ్చారు. మేం పాడుతున్న చర్చి పాట వినగానే రస్సెల్ టోపీ తీశాడు.

"ముందా టోపీ పెట్టుకో!" అని అరిచాడు మేనేజరు.

"రస్సెల్, నిన్ను ముంచింది కూడా ఈ నీళ్లలోనే," అన్నారు హైరమ్ గారు.

"అందుకే బతిమాలుతున్నా పాస్టరుగారూ, బయటికి రండి. నా ఉద్యోగం పోతుంది."

"పని మానేసి వచ్చాం, మా ఉద్యోగాలు పొద్దున్నే పోయాయి నాయనా," అన్నాం మేం.

రస్సెల్ బూట్లతోనే నీళ్లలో దిగాడు. తలెత్తకుండా హైరమ్ గారి చేతులకు సంకెళ్లు వేసి గట్టుకు తీసుకెళ్లాడు. మునగాల్సినవాళ్లలో ఒలీటా అత్త ఒక్కతే మిగిలింది.

"అయిపోయింది. కదలండి," అన్నాడు మేనేజరు.

"కాలేదు," అంది జెనైడా. అత్త భుజం పట్టుకుంది. నేను నడుం కింద చెయ్యి వేశాను. లాండ్రీ చేతులన్నీ చుట్టూ చేరాయి.

"పాస్టరు లేకుండా చెల్లుతుందా?" అంది వెనకనుంచి ఒకావిడ.

గట్టుమీద నుంచి, సంకెళ్లతోనే, హైరమ్ గారు గొంతెత్తారు. "ముంచండమ్మా! మాటలు నేను చెబుతా!"

ఆయన చెప్పారు. మేం ముంచాం. ఒలీటా అత్త నీళ్లు కార్చుకుంటూ లేచి, గట్టిగా ఊపిరి తీసుకుని, మేనేజరును చూసింది.

"ఇక మీ దుప్పట్లు మీరే ఉతుక్కోండి."

హైరమ్ గారిని కారెక్కించారు. మేమంతా తడి బట్టలతో ఆ కారు వెంట జైలుకు బయల్దేరాం. దారికడ్డంగా నిండిపోతే, కారు మాతోపాటే నడిచింది. మా చర్చిలో పాటల పుస్తకాలుండవు. పాస్టరు ఒక్కో చరణం అందిస్తే జనం ఎత్తుకుంటారు.

ఒలీటా అత్త కారు అద్దం తట్టింది. "రస్సెలూ, అద్దం దించరా. మాకు చరణం కావాలి."

వాడు ముందుకే చూస్తూ అద్దం దించాడు. పోలీసు కారులోంచి పాస్టరు చరణం అందించారు. మేం ఎత్తుకున్నాం. హోటల్ గేటు ముందుకొచ్చేసరికి, మీటింగులో రాలేమని చెప్పిన వంటవాళ్లు ఏప్రన్లతోనే రోడ్డెక్కి మాతో కలిశారు.