మళ్ళీ ఆవ రుబ్బిన రోలు

నేను ఒక రుబ్బురోలును. గాజువాక దగ్గర ఒక సందులో, అప్పలనరసమ్మ గుమ్మం పక్కన నా నివాసం. కొండరాయిని ఉలితో చెక్కి నాకు కడుపు తొలిచారు. ఆమె అత్తగారు నాలో పప్పు రుబ్బింది, తర్వాత ఆమె రుబ్బింది. ఇంట్లో పెళ్ళి వచ్చినప్పుడల్లా పసుపు రాసి, బొట్టు పెట్టి దండం పెట్టారు. మిక్సీ రాగానే ఆ చేతులతోనే దొర్లించుకొచ్చి బయట పడేశారు. మనుషుల భక్తి అంతే. నాకేం కోపం లేదు. వానాకాలం నా కడుపులో నీళ్ళు నిలిచేవి, కాకులు తాగేవి.

ఆమె వెనక గదిలోకి ఒడిశా నుంచి మీనతి, తమ్ముడు బిజయ్ అద్దెకు దిగారు. ఇద్దరికీ బట్టల ఫ్యాక్టరీలో పని. ఆ వానలకు సందులో జ్వరాలు మొదలయ్యాయి. అప్పలనరసమ్మ మనవరాలూ మంచం పట్టింది.

"ఈళ్ళొచ్చినకాడి నుంచే ఈ జొరాలు. నెలాకరికి గది కాళీ చేసీండి," అనేసింది అప్పలనరసమ్మ.

మీనతి ఆదివారం ఫ్యాక్టరీలో పనిచేసే తన ఊరి కుర్రాళ్ళనూ ఆడపిల్లలనూ పోగేసి, సందంతా తిరిగి పాత టైర్లలో, పూలకుండీల్లో నిలిచిన నీళ్ళు పారబోయించింది. చివరికి నా మీదకు వంగి చూసి, అప్పలనరసమ్మను తన భాషలో పిన్నీ అని పిలిచింది.

"మావుసీ, ఇలా రండి. దోమపిల్లలు ఈత నేర్చుకుంటున్నాయి!"

అప్పలనరసమ్మ తొంగిచూసింది. మొహం చిన్నబోయింది. బిజయ్ నన్ను తిరగెయ్యబోయాడు.

"ఒలమ్మో, ఆగరా! రోలు బోర్లిత్తే ఇంటికి అరిష్టం!"

"బోర్లించొద్దా?" మీనతి నా పక్కన పడి ఉన్న పొత్రం వైపు చూసింది. "అయితే రుబ్బుదాం. రోజూ రుబ్బి కడిగే రోట్లో దోమెలా గుడ్లు పెడుతుంది?"

నీళ్ళు తోడేసి, నన్ను తోమి కడిగి, ఆవాలు, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేసి పొత్రం తిప్పింది. ఆ ఘాటుకు బిజయ్ తుమ్మాడు, వెంటనే అప్పలనరసమ్మ తుమ్మింది. తర్వాత వేలితో తీసి నాలిక్కి రాసుకుంది.

"మా అత్త ఇలాగే రుబ్బీది. మిక్సీలో ఏత్తే చేదెక్కిపోతాది. అలా కాదే పిల్లా, కుడిసేత్తో తిప్పు, ఎడంసేత్తో లోనికి తొయ్యి. లే, నాకియ్యి!"

అప్పటి నుంచి నాకు తీరిక లేదు. ఆదివారమైతే నా ముందు వరస: ఒడిశా వాళ్ళ ఆవ, ఎదురింటి వాళ్ళ గోంగూర. సందులో డ్రమ్ములన్నిటికీ మూతలొచ్చాయి. మనవరాలు లేచి తిరుగుతోంది. ఇప్పుడిక్కడ తుమ్ములే గాని జ్వరాలు లేవు.

నెలాఖరున ఒకాయన వచ్చాడు. "గది కాళీ అవుతాదంట కదా?"

అప్పలనరసమ్మ పొత్రం ఆపలేదు.

"ఎవులన్నారు? ఈళ్ళెలిపోతే నాకాడ కూకుని నువ్వు రుబ్బుతావేటి?"

ఆయన ఏదో చెప్పబోయి గట్టిగా తుమ్మాడు. ఆ పూట నాలో నలుగుతున్నది ఆవే.