కొబ్బరినీళ్ళు తాగిన పిన్‌బాల్ మిషను

నేను ఒక పిన్‌బాల్ మిషన్ని. నాలుగు కాళ్ళున్నా నడవను, రెండు రెక్కలున్నా ఎగరను. గాజుపలక కింద ఇనపబంతిని దొర్లించుకుంటూ, అది గుంటలో పడిపోకుండా ఆ రెక్కలతో పైకి తంతుంటాను. తన్నించేది మీరు, గంటలు మోగించుకునేది నేను. ఇంత పనికిమాలిన పనిని ఇంత శ్రద్ధగా చేసే యంత్రం భూప్రపంచంలో మరొకటి లేదని వినయంగా మనవి చేసుకుంటున్నాను.

పుట్టింది ఏదో సముద్రం అవతల. ఓడెక్కి విశాఖపట్నం రేవుకొచ్చి, నావికుల క్లబ్బులో కొలువు చేశాను. నాతో ఆడుతూ ఓడ తప్పిపోయిన వాళ్ళందర్నీ కూడేస్తే ఇంకో ఓడ నింపొచ్చు. క్లబ్బు మూతపడ్డాక, పాత ఊళ్ళో ఆటల కొట్టు పెట్టిన గవర్రాజు నన్ను తోపుడుబండి మీద తెచ్చుకున్నాడు. ఎండకి నా రంగు వెలుస్తుందని దారంతా నా మీద తన చొక్కా కప్పి, తను బనీనుతో నడిచాడు. అలాంటి మనిషి రుణం తీర్చుకోడానికి మిషన్లకి మరుజన్మ ఉందో లేదో.

గవర్రాజుకి భక్తి జాస్తి. ఏటా దసరాకి నాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, నా నెత్తి మీదే కొబ్బరికాయ కొట్టేవాడు. తల వెనక గాలి కోసం పెట్టిన కంతల్లోంచి నీళ్ళు లోపలికి జారేవి. సరిగ్గా ఆ కిందే రెక్కలకీ దీపాలకీ కరెంటు పంచే ప్లగ్గు ఉంది. అందులో ప్రతి వైరు చివరా ఓ చిన్న టెర్మినల్, అంటే ఇత్తడి నోరు. అది తనలో దూరే పిన్నుని గట్టిగా కరిచిపట్టుకుంటేనే నాకు ప్రాణం. ఏళ్ళ తరబడి ఆ తీర్థం తాగీ తాగీ అవన్నీ పచ్చగా చిలుం పట్టి, వేడికి కమిలి, బోసినోళ్ళలా వదులైపోయాయి. నా ఎడమ రెక్క పడిపోయింది.

గవర్రాజు వైద్యం మొదలెట్టాడు. ప్లగ్గు సందులో అగ్గిపుల్ల గుచ్చాడు. రెక్క లేచింది. మళ్ళీ పడింది. ఇంకో పుల్ల. చివరికి నా తలలో చేరిన పుల్లలతో ఊరందరి పొయ్యిలూ వెలిగించొచ్చు. అవీ పనిచేయక, వచ్చినవాడల్లా నా కుడి చెంప వాయించడం మొదలెట్టాడు. ఆ చప్పుడికి రేవులో ఓడలు బదులు కూత వేసేవి.

కొట్టు ఉన్న గది, గవర్రాజు 'అప్పా' అని పిలిచే పెద్దక్క నూకరత్నానిది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో వైర్ల మధ్య ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. నా చోట్లో ఐస్‌క్రీము ఫ్రీజరు పెట్టాలని ఆవిడ పట్టుదల.

"దసరా నాటికి ఆడితే ఉంచు. నేపోతే పాత సామాన్లోడికి తూకానికి ఇచ్చీయ్," అని తేల్చేసింది.

గవర్రాజుకి అన్నం దిగలేదు. నాకు తినే అలవాటు లేదు గానీ, ఉంటే నాకూ దిగేది కాదు.

పండగ ముందురోజు, ఫ్రీజరుకి చోటు కొలుద్దామని ఆవిడ టేపుతో వచ్చింది. అప్పటికి గవర్రాజు నా తల వెనక తలుపు తీసుకుని మరో అగ్గిపుల్ల చెక్కుతున్నాడు.

"ఏట్రా అది?"

"అగ్గిపుల్లప్పా. ప్లగ్గు వొదులైపోనాది."

గుళ్ళోకి చెప్పులతో వచ్చినవాణ్ణి చూసినట్టు చూసింది.

"నా కళ్ళెదర వైర్లో పుల్లెడతావేట్రా? ముందు కరెంటు పీకు!"

ప్లగ్గు ఊడదీసి, వెలుగులో తిప్పి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుంది.

"కొబ్బరి వాసనొస్తందేటి?"

"పెతీ దసరాకీ కొట్టాను గదప్పా. ఒక్క ఏడూ తప్పనేదు."

"ఒరే, దీనికి రోగం దానంతటది రానేదురా. భక్తిగా నువ్వే పోసేవు."

టేపు పక్కన పడేసింది. కొత్త టెర్మినళ్ళకీ పిన్నులకీ గవర్రాజుని బజారుకి తరిమింది. నల్లబడ్డ వైరు చివర్లు కత్తిరించి, తొక్క ఒలిచి, ఒక్కో టెర్మినల్నీ పటకారుతో నొక్కి, ఊడుతుందేమోనని లాగి చూసి, ప్లగ్గులో ఏ వైరు ఏ గదిలోదో ఆ గదిలోనే దించింది.

"పిన్నులు బాగానే ఉన్నాయి గదప్పా, అవెందుకు మార్చడం?"

"పుచ్చుపన్ను పక్కన బంగారప్పన్ను కట్టించుకుంటావేట్రా? రెండూ మార్చాల."

కరెంటు పెట్టారు. నా దీపాలన్నీ భగ్గున వెలిగాయి. సముద్రంలో చేపలు తెల్లారిందనుకుని లేచి కూర్చున్నాయి. ఎడమ రెక్క లేచింది. గవర్రాజు కళ్ళు తుడుచుకున్నాడు. నూకరత్నం పరీక్ష కోసమని ఒక్క బంతి ఆడింది. ఆ పరీక్ష పొద్దుగూకేదాకా సాగింది. కొలతల టేపు నా కాలి దగ్గరే మర్చిపోయి వెళ్ళింది.

పండగ పొద్దున ఫ్రీజరు రానే వచ్చింది.

"అరుగు మీద దించండి," అంది నూకరత్నం, ఎటో చూస్తూ.

ఈసారి కొబ్బరినీళ్ళు తగలకుండా గవర్రాజు నాకు తన రెయిన్‌కోటు తొడిగాడు. ఎండ కాస్తోంది. అయినా గుండీలన్నీ పెట్టాడు. ఇంతలో నూకరత్నం ఫ్రీజరుకి బొట్టు పెట్టి, మురిసిపోతూ దాని నెత్తి మీదికి కొబ్బరికాయ ఎత్తింది.

"అప్పా!" అంటూ గవర్రాజు ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని పగలబడి నవ్వారు. కొబ్బరికాయ గడప మీద పగిలింది.

అప్పట్నుంచీ రోజూ పొద్దున్న కరెంటు అందగానే నా ఎడమ రెక్క తనంతట తనే ఒక్కసారి లేచి దిగుతోంది. గవర్రాజు కంగారుపడి అప్పని పిలిచాడు. ఆవిడ ప్లగ్గు చూసింది, పిన్నులు చూసింది.

"అన్నీ బాగానే ఉన్నాయిరా. ఎందుకు లేస్తందో నాకూ తెల్దు."

తెలియకపోవడానికేముంది? నాకు చేతుల్లేవు. ఉన్న రెక్కతోనే దండం పెడుతున్నాను.